రోహిణి కార్తెలో మొలకలు: జిగురు పోతుంది, క్రిమి పోదు

పోయిన ఆదివారం మా కింది పోర్షన్‌లో ఉండే మామ్మగారికీ, ఆవిడ మనవడికీ ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద సెలైన్ ఎక్కించారు. ఇద్దరూ పొద్దున తిన్నది పెసర మొలకలే. ముందురోజు మధ్యాహ్నం మూట కట్టి వంటింట్లో మేకుకు తగిలించారట. రాత్రి కరెంటు పోయింది. ఈ రోజుల్లో గుంటూరు ఉక్క ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తెల్లారి మూట విప్పితే వేళ్లకు సాగే జిగురు, కాస్త పులిసిన వాసన. "మూడుసార్లు కడిగానండీ పిన్నిగారూ, వాసన కూడా పోయింది. మామిడి తురుము వేసి నిమ్మకాయ పిండాను" అంది వాళ్ల కోడలు, కళ్లనీళ్లు పెట్టుకుని.

ఆ అమ్మాయి నిజమే చెప్పింది. కడిగింది. కడిగాను కదా, ఇక ఏం కాదులే అనుకుంది. నేను చూసిన ప్రతి ఇంట్లోనూ కొంప ముంచింది ఆ ఒక్క మాటే.

గింజలు ఏరాలి, చేతులు కడుక్కోవాలి అని మీకు కొత్తగా చెప్పేదేముంది. అసలు సంగతి వినండి. క్రిమి గింజ పైపొట్టు పగుళ్లలో దాక్కుని పొలం నుంచే రావచ్చు. పొడిగా ఉన్నన్నాళ్లూ నిద్రపోతుంది. మనం నానబెట్టి, గుడ్డలో చుట్టి, వెచ్చగా ఉంచుతాం. మొలకకు కావలసిందీ అదే, క్రిమికి కావలసిందీ అదే. అనుకూలంగా ఉంటే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. రాత్రి 10 గంటలకు ఒక్కటి ఉంటే, ఆ లెక్కన తెల్లవారుజామున 5 గంటలకు 20 లక్షలు దాటతాయి. కుళాయి కింద ఎన్నిసార్లు కడిగినా పైనున్న జిగురు పోతుంది, లోపలున్నది పోదు. ఉడికితేనే చస్తుంది.

"శ్రీరామనవమికి వడపప్పు పచ్చిదే తింటాం కదా?" అంటారు. వడపప్పు గంటో రెండు గంటలో నానబెట్టి వెంటనే తినేస్తాం. ఒక రోజంతా తడిమూటలో మగ్గిన పెసలకూ దానికీ పోలికేమిటి!

శుభ్రం తెలియని వాళ్లకే ఇలా అవుతుందనీ అనుకోకండి. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ఈ.కోలై అనే క్రిమి సోకి సుమారు 4 వేల మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. చాలామందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ క్రిమి గింజలతోనే వచ్చిందని తర్వాత తేల్చారు.

అలాగని మొలకలు మానేయమనను. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. అప్పటి నుంచి వానలు పడి చల్లబడేదాకా మా ఇంట్లో పచ్చి మొలకలు ఉండవు, గుగ్గిళ్లే. మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, వార్చి, ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు పోపు. లేదా రుబ్బి పెసరట్టు, రెండువైపులా కాలాలి. విటమిన్ సి కొంత పోతుంది. పోనివ్వండి, ఆ నిమ్మకాయేదో ఉడికాక పిండుకోండి.

ఇక మిగతావి.

నానబెట్టడానికి కాచి చల్లార్చిన నీళ్లు వాడండి. నానిన నీళ్లు పారబోయండి, బలమని తాగకండి.

మూట గుడ్డను ప్రతిసారీ నీళ్లలో మరిగించి ఎండలో ఆరేయండి. గిన్నెలు తుడిచే గుడ్డ పనికిరాదు.

నాలుగు గంటలకోసారి కడిగి, నీళ్లు పూర్తిగా ఓడ్చండి. చిన్న తోక రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి అవగొట్టండి. ఫ్రిజ్‌లో క్రిమి పెరగడం తగ్గుతుంది, చావదు.

వాసన లేదు కాబట్టి మంచివే అనుకోవద్దు. రోగం తెచ్చే క్రిమికి వాసన ఉండాలనేం లేదు.

గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఏ కాలంలోనూ పచ్చివి తినొద్దు.

వాకింగ్ చేసే చోట కప్పుల్లో అమ్మే మొలకలు వద్దు.

విత్తనాల షాపులో కొన్న గింజలు అసలే వద్దు. గులాబీ రంగో ఎరుపో కనిపిస్తే అది విత్తనశుద్ధి మందు. పొలంలో మిగిలాయని ఇంటికి తేకండి. అదీ కడిగితే పోదు.

రాజ్మా మొలకెత్తినా పచ్చిగా తినకూడదు. కనీసం పది నిమిషాలు తెర్లాలి.

జొన్నలు మొలకెత్తించి తినకండి. లేత మొలకలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. లేత జొన్నచేలోకి గొడ్లను ఎందుకు వదలరో రైతునడగండి.

ఉప్పు, పసుపు, వెనిగర్ చల్లితే సరిపోదు. ఉడకాలి.

తిన్నాక వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ తాగించండి. రక్తం పడినా, ఒంటేలు తగ్గినా వెంటనే డాక్టర్ దగ్గరికి. విరేచనాలు ఆపే మాత్ర మీ అంతట మీరు వేయకండి.

జిగురు కనిపిస్తే పారేయండి. కడగకండి. పారేయండి. కిలో పెసలు ఎంత, ఒక్క సెలైన్ సీసా ఎంత?

మామ్మగారు నిన్న ఇంటికొచ్చారు. పలకరిద్దామని వెళితే ఆ గుడ్డ ఇంకా మేకుకే వేలాడుతోంది. నేనే తీసి పొయ్యిలో పడేసి వచ్చాను.