గ్రాంటు ప్రపోజల్ రాస్తున్నారా? ముందు ఆ ఒక్క పేజీ తేల్చండి

రీసెర్చ్ గ్రాంటు ప్రపోజల్‌ని చాలామంది నేపథ్యంతో మొదలుపెట్టి వరసగా రాసుకుంటూ పోతారు. పద్ధతుల దగ్గరికి వచ్చేసరికి పేజీలూ అయిపోతాయి, గడువూ ముంచుకొస్తుంది. మూడు నెలల ముందే మొదలుపెట్టి, మొదటి రెండు వారాలు సారాంశం పేజీ ఒక్కదాని మీదే కూర్చోండి. కమిటీలో మీ ప్రపోజల్ పూర్తిగా చదివేది ఇద్దరు ముగ్గురే. మిగతావాళ్లు ఆ పేజీ చూసే మార్కులు వేస్తారు.

దానికన్నా ముందు నిధులిచ్చే సంస్థ ప్రకటనను అక్షరం వదలకుండా చదవాలి. అర్హత, గరిష్ఠ మొత్తం, పేజీల పరిమితి, ఫాంటు సైజు, మార్కులు దేనికి వేస్తారు, ఇవన్నీ రాసిపెట్టుకోండి. అమెరికాలో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఎస్ఎఫ్‌కి ప్రాజెక్టు వివరణ మామూలుగా 15 పేజీలు దాటకూడదు. దాటితే సమీక్షకు పంపకుండానే తిప్పి పంపే అవకాశం ఉంది. మార్కుల అంశాలనే మీ ఉపశీర్షికలుగా పెట్టుకుంటే రివ్యూయర్ వెతుక్కునే పని ఉండదు.

ఇక ఆ సారాంశం పేజీ. సమస్య ఏమిటి, ఇప్పటిదాకా ఏం తెలుసు, ఏది తెలియదు, మీ పరికల్పన (పరీక్షించబోయే ఊహ) ఏమిటి, రెండు లేదా మూడు లక్ష్యాలు, ఫలితం వస్తే ఏం మారుతుంది. ఇంతే. చిక్కంతా లక్ష్యాల దగ్గరే వస్తుంది. "నేల తేమకూ సూక్ష్మజీవులకూ ఉన్న సంబంధాన్ని అధ్యయనం చేయడం" అని రాస్తే ఆ పని ఎప్పుడు పూర్తయినట్టో ఎవరికీ తెలియదు. "నేల ఎండినప్పుడు నత్రజని స్థిరీకరించే బాక్టీరియా సంఖ్య తగ్గుతుందా, లేక సంఖ్య అలాగే ఉండి పని మందగిస్తుందా తేల్చడం" అని రాయండి. సంఖ్య కోసం ఆ బాక్టీరియాలో ఉండే నిఫ్‌హెచ్ జన్యువును క్యూపీసీఆర్‌తో (డీఎన్ఏ ప్రతులు ఎన్నో చెప్పే పద్ధతితో) లెక్కించాలి, పని కోసం, స్థిరీకరణ ఎంత జోరుగా సాగుతోందో చూపే ఎసిటిలీన్ రిడక్షన్ పరీక్ష చేయాలి అని పద్ధతులు ఆ వాక్యంలోంచే బయటపడతాయి. జవాబు ఎటు వచ్చినా పనికొస్తుంది.

లక్ష్యాలు ఒకదానికొకటి సంబంధం ఉన్నవై ఉండాలి గానీ, ఒకటి పడితే మిగతావన్నీ పడిపోయేలా ఉండకూడదు. మొదటి లక్ష్యంలో తయారయ్యే ఎలుకల రకం లేకపోతే రెండోది, మూడోది జరగవు అన్నప్పుడు అనుభవమున్న రివ్యూయర్ అక్కడే ఆగిపోతాడు. ఆ ఎలుకలు ముందే చేతిలో ఉండాలి, లేదా రెండో దారి చూపించాలి. "కుదరకపోతే మళ్లీ ప్రయత్నిస్తాం" అన్నది రెండో దారి కాదు.

శాంపిల్ సైజు ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క చూపించండి. రెండు గుంపుల సగటులను పోల్చాలి, తేడా అర స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ఉంటుందని అంచనా, 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడా ఉందని పొరబడే అవకాశం), 80 శాతం పవర్ (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) అనుకుంటే గుంపుకి 64 మంది కావాలి. 15 శాతం మంది మధ్యలో మానేస్తారనుకుంటే చాలామంది 64కి 15 శాతం కలిపి 74 అంటారు. అది తప్పు. 74 మందిలో 15 శాతం పోతే మిగిలేది 63 మందే. 64ను 0.85తో భాగించాలి, 76 వస్తుంది. అంటే మొత్తం 152 మంది. ఆ అర స్టాండర్డ్ డీవియేషన్ అంచనా ఏ పైలట్ డేటా (ముందుగా చేసిన చిన్న అధ్యయనం) నుంచి తీసుకున్నారో కూడా చెప్పాలి. రివ్యూయర్లు గట్టిగా పట్టుకునేది దాన్నే.

బడ్జెట్ కూడా ఈ అంకెల్లోంచే పుట్టాలి. 152 మంది, ఒక్కొక్కరికి రెండు విజిట్లు అంటే 304 కిట్లు, పది శాతం పాడవుతాయనుకుని 0.9తో భాగిస్తే 338. "కన్స్యూమబుల్స్" (వాడితే అయిపోయే సామగ్రి) అని ఒకే మొత్తం వేస్తే కోత పడేది అక్కడే. తక్కువ అడిగితే మెచ్చుకుంటారనుకోకండి. పని ఎంతో తెలియదనుకుంటారు. ఓవర్‌హెడ్ (మీ సంస్థ నిర్వహణ ఖర్చుల వాటా) మొత్తం ఖర్చు మీద లెక్కించాలా, పరికరాలు తీసేసి లెక్కించాలా అన్నది సంస్థను బట్టి మారుతుంది. మీ ఫైనాన్స్ విభాగానికి కనీసం రెండు వారాల ముందు ఫైలు పంపండి.

టైమ్‌లైన్‌లో మొదటి నెల నుంచే డేటా సేకరణ చూపించకండి. ఎథిక్స్ అనుమతికీ ఉద్యోగుల నియామకానికీ నెలలు పడతాయని రివ్యూయర్లకు బాగా తెలుసు. తోడ్పడతామని ఇతరులు ఇచ్చే సహకార లేఖల్లో పొగడ్తలు అక్కర్లేదు. మాస్ స్పెక్ట్రోమీటర్ లాంటి పరికరాన్ని వారానికి ఎన్ని రోజులు ఇస్తారో రాసి ఉంటే చాలు.

పంపే ముందు మీ విభాగం కాని ఒకరికి సారాంశం ఇచ్చి చదవమనండి. కాగితం తీసుకుని, ప్రశ్న ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పమనండి. వాళ్లు తడుముకుంటే ఆ పేజీ ఇంకా కుదరలేదు.

తిరస్కరణ వస్తే కామెంట్లను నాలుగైదు రోజులు ఆగి చదవండి. "రివ్యూయర్‌కి అర్థం కాలేదు" అనిపించిన ప్రతిచోటా, ఆ సంగతి మీరు ఏ పేజీలో ఎలా రాశారో చూడండి. అమెరికాలో వైద్య పరిశోధనలకు నిధులిచ్చే ఎన్ఐహెచ్‌లో మామూలుగా మళ్లీ పంపడానికి 37 నెలల గడువు ఉంటుంది, ఏం మార్చారో చెప్పడానికి ఒక పేజీ ఇస్తారు. ఆ పేజీని వాదనతో నింపకుండా, ముఖ్యమైన కామెంట్ ఒక్కోదాని కింద చేసిన మార్పు రాయండి.