షేవింగ్ సబ్బు నురగ నిలవాలంటే

ఇంట్లో చేసిన షేవింగ్ సబ్బు నురగ గడ్డానికి పట్టించిన రెండు నిమిషాల్లోనే చప్పబడి ఆరిపోతోందంటే, ముందు స్టియరిక్ యాసిడ్ (కొవ్వుల నుంచి తీసే గట్టి కొవ్వు ఆమ్లం) పాళ్లు చూడండి. చిక్కగా, వెన్నలా నిలిచే నురగ దానిదే. మొత్తం కొవ్వులో స్టియరిక్ 50 శాతం, పామాయిల్ 25, కొబ్బరినూనె 20, ఆముదం 5 చాలు. నురగ త్వరగా లేస్తుందని కొబ్బరినూనె పెంచితే చర్మం బిగుసుకుపోతుంది.

ఇక కొవ్వును సబ్బుగా మార్చే క్షారాలు. కాస్టిక్ పొటాష్ సబ్బును మెత్తగా, త్వరగా కరిగేలా చేస్తుంది. కాస్టిక్ సోడా గట్టిపరుస్తుంది. పొటాష్ 60, సోడా 40 పాళ్లు మంచి ఆరంభం. బెజవాడ ఎండలకు సబ్బు జారిపోతుంటే సోడా వాటా కాస్త పెంచండి. మార్కెట్లో దొరికే పొటాష్ సాధారణంగా 90 శాతం శుద్ధమే, క్షారం ఎంత వేయాలో లెక్కేసేటప్పుడు అది మరవద్దు. గ్లౌజులు తొడిగి, క్షారాన్నే నీళ్లలో వేయాలి, నీళ్లను క్షారంలో పోయకూడదు. స్టియరిక్ తగలగానే మిశ్రమం ముద్దకడుతుంది. అందుకే 75 డిగ్రీల పైన, వేడి మీదే ఉడికించాలి. గ్లిజరిన్ 5 శాతం చివర్లో కలపండి. సబ్బుగా మారకుండా మిగిలే కొవ్వు 5 శాతం దాటితే నురగ చస్తుంది.

ఇంతా చేసి బోరు నీళ్లతో గీస్తే ఫలితం ఉండదు. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. అదే సబ్బును ఒకసారి ఆర్వో నీళ్లతో గిలకొట్టి చూడండి: నురగ నిలిచిందంటే తప్పు నీళ్లదే.