తిరుపతిలో ఉంటూ సొరచేపల ప్రవర్తన మీద పరిశోధన మొదలుపెట్టడం ఎలా

జంతుశాస్త్రం చదివినవారికి తొలిసారి పరిచయమయ్యే సొరచేప సాధారణంగా ఫార్మలిన్ సీసాలోని స్కోలియోడానే. ప్రాక్టికల్ పరీక్షలో దాని ప్లాకాయిడ్ పొలుసు స్లయిడును గుర్తుపట్టి, బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్నవారు వేలల్లో ఉంటారు. ఆ చేప ఎప్పుడు ఈనుతుంది, పిల్లలు ఏ లోతు నీటిలో పెరుగుతాయి, వల దగ్గరికి వచ్చినప్పుడు ఎందుకు తప్పించుకోలేకపోతుంది అని అడిగినవారు మాత్రం నాకు అరుదుగా కనిపించారు. అడిగిన కొద్దిమందీ వెంటనే ఒక అడ్డంకి చెబుతారు: "సార్, మన ఊళ్లో సముద్రం లేదు కదా." ఊళ్లో లేని మాట నిజమే. అయితే 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పులికాట్ సరస్సులో మన రాష్ట్రపు భాగమూ, వాకాడు మండలంలోని దుగరాజపట్నం తీరమూ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. రేణిగుంట, పుత్తూరు మీదుగా చెన్నై బస్సెక్కితే కాశిమేడు చేపల రేవు కొన్ని గంటల ప్రయాణం. ఈ పనికి దూరం పెద్ద ఆటంకం కాదు. సరైన ప్రశ్న లేకపోవడమే అసలు ఆటంకం.

కాబట్టి మొదటి నెలంతా ప్రశ్న కోసం కేటాయించాలని నా సలహా. "సొరచేపల ప్రవర్తన, పరిరక్షణ" అన్నది శీర్షిక అవుతుంది గాని ప్రశ్న కాదు. పరిశోధనకు పనికొచ్చే ప్రశ్నకు రెండు గుణాలుండాలి: జవాబు తేలే మార్గం ముందే కనబడాలి, ఆ జవాబు వల్ల మత్స్యకారులో మత్స్యశాఖో తీసుకునే ఏదో ఒక నిర్ణయం మారే అవకాశం ఉండాలి. ఉదాహరణకు, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేట నిషేధం అమలవుతుంది. ఒక జాతి సొర పిల్లలు పుట్టే కాలం ఆ 61 రోజుల్లో పడుతుందా, బయట పడుతుందా అన్నది చక్కటి ప్రశ్న. స్కోలియోడాన్ తల్లి జరాయువు ద్వారా పోషించి సుమారు 6 నుంచి 18 పిల్లలను కంటుందనీ, భారత తీరంలో దాదాపు ఏడాది పొడవునా ఈనుతుందనీ ముందే తెలుసు; అలాంటి జాతికి రెండు నెలల విరామం ఇచ్చే రక్షణ పరిమితం. ఏటా ఒకే రుతువులో తీరానికి దగ్గరగా వచ్చి ఈనే జాతి సంగతి పూర్తిగా వేరు. నిషేధపు తేదీలు దానికి ప్రాణం పోయగలవు, లేదా కొద్ది వారాల తేడాతో తప్పిపోగలవు. ప్రవర్తన గురించి చదవడం పరిరక్షణకు ఎలా ఉపయోగపడుతుందో విద్యార్థికి చెప్పడానికి నాకు ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకలేదు.

ప్రశ్న పెట్టుకున్నాక, దానికి పరీక్ష ఎలా రూపొందించాలో నేర్చుకోవడానికి డచ్ శాస్త్రవేత్త కాల్మైన్ 1971లో ప్రచురించిన ప్రయోగాన్ని ఓపికగా చదవాలి. సొరచేప మూతి మీది సన్నని రంధ్రాలను ఇటలీకి చెందిన స్టెఫానో లోరెంజీని 1678లోనే వర్ణించినా, వాటి పని ఏమిటో చాలాకాలం తేలలేదు. కాల్మైన్ ఒక చదును చేపను తొట్టి అడుగు ఇసుకలో దాచాడు. చిన్న మచ్చల సొర దాన్ని సూటిగా కనుక్కుంది. వాసన వల్లనేమో అన్న అనుమానం రావాలి కదా, అందుకని ఆ చేపను అగర్ (విద్యుత్తును సాగనిచ్చే జెల్లీ లాంటి పదార్థం) గదిలో పెట్టి, గదిలోని నీటిని గొట్టంతో వేరొక చోట బయటికి వదిలాడు. సొర అప్పుడు కూడా వాసన వచ్చే చోటికి కాకుండా, చేప ఉన్న చోటికే వచ్చింది. గదిలో బతికున్న చేపకు బదులు చేప ముక్కలు పెట్టినప్పుడు మాత్రం వాసన వచ్చే చోట వెతికింది. అగర్ మీద విద్యుత్తును అడ్డుకునే పలుచని ప్లాస్టిక్ పొర కప్పగానే బతికున్న చేపను కూడా కనుక్కోలేకపోయింది. చివరికి చేప లేకుండా ఇసుకలో ఎలక్ట్రోడ్లు మాత్రమే పాతి, చేప ఒంటి నుంచి వచ్చేంత బలహీనమైన విద్యుత్ క్షేత్రాన్ని కల్పిస్తే సొర వాటినే తవ్వింది. ఆ రంధ్రాల పని విద్యుత్తును పసిగట్టడమే. ఒక్కొక్క మెట్టులో ఒక్కొక్క వివరణను తోసిపుచ్చుతూ పోయిన తీరు గమనించండి. మీ ప్రణాళికలో కూడా "ఇది కాకపోతే ఇంకేమై ఉండవచ్చు" అన్న వరుస లేకపోతే, మార్గదర్శి ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి.

సముద్రానికి వెళ్లక ముందే చూడటం నేర్చుకోవాలి. ఇందుకు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల చాలు. ఒక జింకల ఆవరణ ముందు కూర్చొని, అవి చేసే పనులన్నిటికీ ముందుగా పేర్లు, నిర్వచనాలు రాసుకోండి: మేత, నడక, నిలబడి చెవులు రిక్కించడం, మరొక జంతువును తరమడం. దీన్ని ప్రవర్తనా పట్టిక అంటారు. తర్వాత జీన్ ఆల్ట్‌మన్ 1974లో క్రమబద్ధం చేసిన పద్ధతిలో ఒక్క జంతువును ఎంచుకొని, నిర్ణీత సమయంపాటు దాన్నే అనుసరిస్తూ నమోదు చేయండి. కళ్లు మొదట ఆకర్షణీయమైన పనుల వైపే పోతాయి, ఏమీ చేయకుండా నిలబడ్డ జంతువు లెక్కలోకి రాదు. ఈ పద్ధతి ఆ పొరపాటును అరికడుతుంది. పక్కన స్నేహితుణ్ని కూర్చోబెట్టి ఇద్దరి నమోదులూ పోల్చి చూసుకోండి. ఇద్దరి లెక్కలూ కలవకపోతే తప్పు సాధారణంగా నిర్వచనంలో ఉంటుంది. ఆ తర్వాత సొరచేపల వీడియోలను బోరిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఇదే విధంగా గుర్తులు పెట్టి లెక్కించడం సాధన చేయవచ్చు. గణాంకాలకు ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు సరిపోతుంది.

ఇక అనుమతుల సంగతి. ఇది విసుగు పుట్టించే పనే గాని, వాయిదా వేయకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి తిమింగల సొర 2001లో వచ్చింది. అదే ఏడాది రంపపు చేపలు, గంగా సొర, పాండిచ్చేరి సొర మొదలైనవాటిని కూడా మొదటి పట్టికలో చేర్చారు. 2022 సవరణతో పట్టికలు మారాయి కాబట్టి పాత పుస్తకాల్లోని జాబితాను నమ్మకుండా సవరించిన చట్టాన్నే తెరిచి చూసుకోవాలి. రక్షిత జాతుల మీద పరిశోధనకు ఆ చట్టం 12వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. రేవులో చచ్చిపడి ఉన్నది కదా అని రక్షిత జాతి కండ ముక్క కోసుకొచ్చి ఫ్రిజ్‌లో పెట్టడం కూడా నేరమే. బతికున్న సొరలను పట్టుకోవడం, వాటికి ట్యాగులు వేయడం వంటివి ఉంటే సంస్థలోని జంతు నైతిక సంఘం ఆమోదం విడిగా తీసుకోవాలి. నమూనాలను విదేశీ ప్రయోగశాలకు పంపాలనుకుంటే రెండు విషయాలు గుర్తుంచుకోండి: 2002 నాటి జీవ వైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవ వైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి, 2022లో పనామాలో జరిగిన సైటీస్ (ప్రమాదంలో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) సమావేశం, స్కోలియోడాన్ కూడా చేరే రెక్వియం కుటుంబపు సొరలన్నిటినీ రెండవ అనుబంధంలో చేర్చింది కాబట్టి వాటికి ఆ పత్రాలు కూడా తప్పవు. కొత్త విద్యార్థి మొదటి ఏడాది ఫోటోలు, కొలతలతోనే సరిపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

రేవులో పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పుస్తకాలు ఇక్కడే చేయి వదిలేస్తాయి. చేపలు దిగేది, వేలం పాట జరిగేది తెల్లవారకముందు. నా మొదటి ప్రయాణంలో వేలానికి పెట్టిన సొరను కొలవడానికి టేపు చాపితే, కొనుగోలుదారు అందరి ముందూ గట్టిగా కసిరాడు. తప్పు నాదే. పాట ముగిసి చేప చేతులు మారిన తర్వాత, దాన్ని మంచులో పెట్టి బండికెక్కించే లోపు కొద్ది నిమిషాల వ్యవధి ఉంటుంది. అడిగి ఆ వ్యవధిని వాడుకోవాలి. "అన్నా, కొలుచుకొని ఇచ్చేస్తాను" అంటే కాదన్నవారు అరుదు. నగరి, పుత్తూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన విద్యార్థులకు కాశిమేడులో ఒక సౌలభ్యం ఉంది, తమిళం వచ్చి ఉండటం. పాల సొరను అక్కడ పాల్ సురా అంటారు. అయితే రెండు భాషల్లోనూ ఒక్క పేరు కింద అనేక చిన్న జాతులు నడుస్తుంటాయి; బాలింతలకు పాలు పడతాయని వండిపెట్టే సొరగా ఇంటికి ఏ జాతి వచ్చిందో వండినవారికి కూడా తెలియదు. అందుచేత స్థానిక నామాన్ని తప్పక రాసుకోండి గాని దాన్నే జాతిగా లెక్కించకండి. ప్రతి చేపకూ పక్కన స్కేలు పెట్టి, మూతి కింది భాగం, పళ్లు, వీపు రెక్కలు, తోక స్పష్టంగా కనిపించేట్టు ఫోటోలు తీయాలి.

ఒక్కొక్క సొరకు నమోదు చేయవలసినవి ఎక్కువ లేవు: మూతి చివర నుంచి తోక చివర వరకు సూటిగా తీసిన పొడవు, లింగం, ఎదుగుదల దశ. కటి రెక్కల లోపలి అంచున క్లాస్పర్లు (జత కలవడానికి వాడే వేళ్ల లాంటి అవయవాలు) ఉంటే మగది. అవి పొడవుగా, గట్టిగా ఉంటే ఎదిగినది, పొట్టిగా మెత్తగా ఉంటే ఎదగనిది. పిల్లల విషయంలో చూడవలసింది రొమ్ము రెక్కల మధ్య ఉండే బొడ్డు మచ్చ. అది తెరిచి ఉందంటే ఆ పిల్ల పుట్టి మహా అయితే కొద్ది వారాలే అయి ఉంటుంది. మానితే సన్నని గీత మిగులుతుంది. ఆ ఒక్క మచ్చ మీ ప్రశ్నకు క్యాలెండరులా పనిచేస్తుంది. వీటితోపాటు పడవ రకం, వల రకం, వల కన్ను పరిమాణం, వేసిన లోతు, సముద్రంలో ఉన్న రోజులు తప్పనిసరిగా అడిగి రాసుకోవాలి. సొర ఒక్కటీ దిగని రోజు కూడా సమాచారమే. నేను రెండు నెలలపాటు సొరలు కనిపించిన రోజులే రాసుకొని, సున్నా రోజులను వదిలేసి, చివరికి ఆ పుస్తకం మొత్తాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. ఎన్ని పడవలు ఎంతసేపు వెతికితే ఎన్ని దొరికాయో తెలియనిదే, ఈ నెల ఎక్కువ వచ్చాయన్న మాటకు అర్థం లేదు.

ఇలా పోగుచేసిన సమాచారంతో ఎంతవరకు మాట్లాడవచ్చో కూడా తెలిసి ఉండాలి. వల వెళ్లిన చోటునే చేప చెబుతుంది, వల వెళ్లని చోటు గురించి మౌనంగా ఉంటుంది. ఒక చోట పిల్లలు దొరికినంత మాత్రాన దాన్ని పిల్లల పెంపక స్థలం అనకూడదు. 2007లో మిషెల్ హ్యూపెల్, ఆమె సహచరులు మూడు షరతులు ప్రతిపాదించారు: పిల్లలు ఇతర ప్రదేశాల్లో కంటే అక్కడ ఎక్కువగా కనబడాలి, అక్కడే చాలాకాలం ఉండిపోవాలి లేదా తిరిగి తిరిగి రావాలి, ఏళ్ల తరబడి అదే స్థలం వాడుకలో ఉండాలి. ఒక ఏడాది రేవు సమాచారం మొదటి షరతును కొంతవరకు తాకుతుంది. మిగిలిన రెండిటికీ జీవించి ఉన్న చేప కావాలి, కాలం కావాలి. సామ్యూల్ గ్రూబర్ బహామాస్ దీవుల్లోని బిమినీలో 1990లో స్థాపించిన క్షేత్ర కేంద్రంలో నిమ్మ సొరల జన్యు నమూనాలను రెండు దశాబ్దాలు సేకరించాక గాని, అక్కడ 1990లలో పుట్టిన ఆడ సొరలు 14 నుంచి 17 ఏళ్ల తర్వాత అక్కడికే వచ్చి ఈనుతున్నాయని రుజువు కాలేదు. పుట్టింటికి కాన్పుకు వచ్చే ఆడపిల్ల మనకు వింత కాదు. అయితే ఆ పుట్టిల్లు మడ అడవి నరికివేతలోనో, పూడికలోనో పోతే ఆ సొరలు వేరొక చోటు వెతుక్కుంటాయని అనుకోవడానికి ఆధారం కావాలి.

నీటి కింద వాడే పరికరాల్లో ఏది మన తీరానికి తగినదో కూడా ఆలోచించాలి. ఎర కట్టిన కెమెరాను అడుగున దించి, వచ్చిన సొరలను లెక్కించే పద్ధతి పగడపు దిబ్బల దగ్గర అద్భుతంగా పనిచేస్తుంది. 58 దేశాల్లోని 371 దిబ్బల్లో ఇలా చూసి, వాటిలో దాదాపు 20 శాతం చోట్ల సొరలు కనిపించలేదని 2020లో ప్రకటించారు. అయితే మన తీరపు మట్టి నీటిలో ఆ కెమెరాకు చేయి దూరం మించి కనబడదు. ఆ డబ్బు లక్షద్వీప్‌కో అండమాన్‌కో వెళ్లే ప్రాజెక్టుకు దాచుకోవడం మంచిది. సొర ఒంటికి అమర్చే శబ్ద ట్యాగులు సాధారణంగా 69 కిలోహెర్ట్జ్ వద్ద సంకేతమిస్తాయి, అడుగున పాతిన గ్రాహకం కొన్ని వందల మీటర్ల లోపు వాటిని వింటుంది. సముద్రపు అడుగున ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలు నడిచే చోట గ్రాహకాలు వలలోకి వెళ్లిపోతాయి కాబట్టి మత్స్యకారులతో ముందే ఒప్పందం లేనిదే ఈ పనికి దిగకూడదు. తిమింగల సొరను గుర్తించడానికి మాత్రం ఎడమ పక్క మొప్పల వెనక ఉన్న చుక్కల ఫోటో చాలు. ఆ చుక్కలను పోల్చే పద్ధతిని నక్షత్రాల అమరికను పోల్చే ఖగోళ శాస్త్రపు లెక్క నుంచి 2005లో తెచ్చారు.

చదువు మార్గం సంగతి క్లుప్తంగా చెబుతాను. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం, ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) తిరుపతిలో జీవశాస్త్రం, ముత్తుకూరులో మత్స్య శాస్త్ర కళాశాల దగ్గరలో ఉన్నాయి. సముద్ర చేపల గురించి లోతైన అనుభవం కావాలంటే 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ యూజీసీ నెట్, గేట్‌లోని జీవావరణం, పరిణామం పేపరు ఉపయోగపడతాయి. సొరచేపల మీదనే పనిచేసే మార్గదర్శి దొరకకపోతే, ప్రవర్తనా శాస్త్రంలో గట్టివారిని ఒకరినీ, చేపలు తెలిసిన మరొకరిని సహమార్గదర్శిగానూ పెట్టుకోవచ్చు.

ఫలితాలు రాసేటప్పుడు ప్రపంచ చిత్రాన్ని ఉపోద్ఘాతంలో ఒక్క వాక్యానికి పరిమితం చేయండి. బహిరంగ సముద్రపు సొరలు, టేకు చేపలు 1970 నుంచి 71 శాతం తగ్గాయని 2021లో తేలిన అంచనా ముఖ్యమైనదే గాని, మీ రేవుకు అది జవాబు కాదు. మీ పట్టికలో నెలల వారీగా బొడ్డు మచ్చ తెరిచి ఉన్న పిల్లలు ఎన్ని, ఏ లోతులో, ఏ వలకు పడ్డాయన్నది ఉంటే చాలు. సిద్ధాంత వ్యాసం సమర్పించిన వారంలోనే, ఆ పట్టికను ఒక్క పేజీలో తెలుగులోనూ తమిళంలోనూ పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, మీకు చేపలు కొలవనిచ్చిన పడవ యజమానులకు చదివి వినిపించండి. వాళ్లు "ఆ నెలలో పిల్లలు ఇంకా లోపలి లోతులో ఉంటాయి, మీరు రాసింది తప్పు" అంటే వాదించకుండా తేదీ, పేరు, లోతు రాసుకోండి. తర్వాతి ఏడాది సర్వే అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.