నల్ల టమాటా ఎప్పుడు కోయాలో ఇలా తెలిసింది

కుండీలో ఇండిగో రోజ్ రకం చిన్న టమాటా వేశాను. కాయలు గోలీకాయంత ఉండగానే పైభాగం వంకాయ రంగులోకి తిరిగింది, ఇంకేముంది పండిపోయాయని గబగబా కోసేస్తే ఒక్కోటీ గట్టిగా, పులుపుతో పళ్లు జివ్వుమనేలా ఉంది. రెండు గుత్తులు అలాగే పాడుచేశాను.

అసలు సంగతేంటంటే ఆ నలుపు పండినందుకు కాదు, ఎండ తగిలినందుకు వస్తుంది. ఆంథోసయనిన్ అనే రంగు వెలుతురు పడిన తొక్కలోనే బాగా ఏర్పడుతుంది. కావాలంటే తొడిమ రేకలు పైకెత్తి చూడండి, వాటి కింద నక్షత్రం అచ్చు వేసినట్టు పచ్చగానే ఉంటుంది. అది చూశాక నా తొందరకి నాకే నవ్వొచ్చింది.

ఇప్పుడు పైన చూడను, కాయ తిప్పి అడుగు చూస్తాను. అక్కడ ఆకుపచ్చ పోయి ఎరుపు రావాలి, తొక్క మీద మెరుపు తగ్గాలి, నొక్కితే కాస్త మెత్తగా తగలాలి. ఆకుల చాటున కాయలు నల్లబడటం లేదని గుత్తిని కప్పేసిన ఒకటి రెండు ఆకులు మాత్రం తీశాను. మరీ దూసేస్తే ఎండకి తొక్క తెల్లగా మాడుతుంది, జాగ్రత్త.

బ్లాక్ చెర్రీ అనే ఇంకో నల్ల టమాటా రకానికి ఈ లెక్క పనికిరాదు. దాంట్లో ఎరుపుతో పాటు ఆకుపచ్చ కూడా మిగిలిపోవడం వల్ల పండాకే ముదురు గోధుమ రంగు వస్తుంది, కాబట్టి రంగు చూసి కోసేయొచ్చు.

కాయలు చిట్లడం మాత్రం పూర్తిగా నా తప్పే, నాలుగు రోజులు మర్చిపోయి ఐదో రోజు బకెట్ కుమ్మరించేదాన్ని. ఇప్పుడు మట్టిలో వేలు పెట్టి చూసి పోస్తున్నాను, పైన ఎండుటాకులు పరిచాను, చిట్లడం బాగా తగ్గింది.