మీతో మీరే ఇంగ్లీష్ మాట్లాడుకోవడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టళ్లలో ఏళ్లుగా చూస్తున్నాను. కడప నుంచో అనంతపురం నుంచో ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలు అద్దం ముందు నిలబడి, బట్టీపట్టిన ఆరు వాక్యాలు అప్పజెప్పి దాన్నే ప్రాక్టీస్ అంటారు. ఇంటర్వ్యూలో ఆ ఆరూ దాటి ఏదైనా అడిగితే నోరు పెగలదు. అప్పజెప్పడం వేరు, మాట్లాడటం వేరు.

కావాల్సినవి ఫోన్, ఇయర్‌ఫోన్స్, రోజుకి పదిహేను నిమిషాలు. అద్దం వద్దు, మొహం చూసుకుంటూ ఉంటే మాట మీద ధ్యాస నిలవదు. నడుస్తూ మాట్లాడండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఫోన్ కాల్ అనుకుంటారు, బెంగళూరులో ఎవరూ తిరిగి కూడా చూడరు.

గొంతు బయటికి రావాలి. మనసులో అనుకున్నది లెక్కలోకి రాదు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అందుకే బస్ మన నోట్లో బస్సు అవుతుంది, రోడ్ రోడ్డు అవుతుంది. హల్లు దగ్గర టక్కున ఆగడం నాలుకకి అలవాటు కావాలి. అది మౌనంగా రాదు.

మొదటి వారం చేస్తున్న పనినే చెప్పండి: ఐ యామ్ వాషింగ్ ది ప్లేట్. రెండో వారం నిన్న జరిగింది చెప్పండి. 'వచ్చాను' అంటే చాలు, మనకి 'నేను' అందులోనే ఉంది. ఇంగ్లీష్‌లో ఆ 'ఐ' మింగేయకూడదు.

అసలు చిక్కు మాట దొరకనప్పుడు వస్తుంది. ఎక్కువమంది ఇక్కడే మానేస్తారు కాబట్టి నిదానంగా చదవండి.

ఒక ఆదివారం రూమ్‌లో ఒక తమ్ముడు దోసెలు పోస్తూ, చేసే పని ఇంగ్లీష్‌లో చెబుతున్నాడు. అట్లకాడ పట్టుకుని ఆగిపోయాడు. "అన్నా, దీన్నేమంటారు?" అంటూ ఫోన్‌లో వెతకబోయాడు. పెనం మీద దోసె అంచులు నల్లబడుతున్నాయి. ఫోన్ లాక్కుని, "అది దేనికిరా?" అన్నాను. "దోసె తిప్పేదానికన్నా." "అదే చెప్పు." కాసేపు తడుముకుని, "ది ఫ్లాట్ థింగ్... ఐ టర్న్ ది దోసె విత్ ఇట్" అన్నాడు. సరిగ్గా చెప్పాడు! స్పాచులా అనే మాట వెతికి చూస్తే మర్నాటికి మర్చిపోయేవాడు. తెలియని వస్తువుని దాని పనితో చెప్పడం వస్తే మాత్రం ఎక్కడా ఆగిపోడు.

మాట అందనప్పుడు ఫోన్ తీయొద్దు, తెలుగు మాట అతికించొద్దు, వాక్యం మొదటికి వెళ్లొద్దు. చుట్టు తిరిగైనా చివరిదాకా వెళ్లండి. నోట్లోంచి 'ఐ డిడ్ంట్ వెంట్' వచ్చేసినా సరే, వాక్యం పూర్తి చేశాక 'ఐ డిడ్ంట్ గో' అని ఒక్కసారి పైకి అనేసి ముందుకు సాగండి. మధ్యలో వెనక్కి వెళ్లే అలవాటు పడితే రేపు మీటింగ్‌లో ప్రతి వాక్యం మూడుసార్లు మొదలవుతుంది.

మాట ఆగడానికి ఇంకో కారణం, వాక్యమంతా తెలుగులో కట్టుకుని మార్చబోవడం. 'నిన్న సాయంత్రం సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు కోసం గంటసేపు ఎదురుచూశాను' అన్నప్పుడు మన క్రియ చివర్న ఉంది. ఇంగ్లీష్‌కి అది ముందే కావాలి. అందుకని ఎవరు, ఏం చేశారు అన్నది ముందు అనేయండి: ఐ వెయిటెడ్. తర్వాత ఫర్ ది బస్, ఎట్ సిల్క్ బోర్డ్, ఫర్ యాన్ అవర్ అని ఒక్కొక్కటీ తగిలించుకుంటూ పోండి. పది రోజులు ఇదొక్కటే చేసినా మాటలో తేడా తెలుస్తుంది.

కోచింగ్‌కి వెళ్తే సరిపోదా అని అడుగుతారు. నేనూ రెండు నెలలు ఫీజు కట్టి వెళ్లాను. గదిలో ముప్పై మంది, నా వంతుకి రెండు నిమిషాలు. మిగతా గంటంతా పక్కవాళ్ల తప్పులు వినడమే. ఒంటరిగా అయితే పదిహేను నిమిషాలూ మీవే.

ఎదుటివాళ్ల మాట అర్థం చేసుకోవడం దీనితో రాదు. అందుకు రోజూ కొంచెంసేపు ఇంగ్లీష్ వార్తలు వినండి.

రాత్రి పడుకునే ముందు, ఆ రోజు చుట్టు తిరిగి చెప్పినవాటిలో మూడింటికే అసలు ఇంగ్లీష్ మాట ఏంటో చూడండి. వారానికోసారి మూడు నిమిషాలు రికార్డ్ చేయండి, కానీ ఆ రోజే వినొద్దు. మర్నాడు విని ఒక్క తప్పే పట్టుకోండి, వచ్చే వారమంతా దాని మీదే ఉండండి.