కనెక్షన్ తెగినా ఒక్క మెసేజ్ పోకుండా బ్రౌజర్‌కి లైవ్ డేటా పంపడం ఎలా?

స్కోరు మారినా, ఆర్డర్ స్టేటస్ మారినా పేజీ రిఫ్రెష్ చెయ్యకుండానే కనపడాలి అనగానే చాలామంది ఏదో ఒక కంపెనీ ఎస్‌డీకే (వాళ్ళ సర్వీస్ వాడుకోవడానికి ఇచ్చే రెడీమేడ్ కోడ్) తెచ్చి పెట్టేస్తారు. పది నిమిషాల్లో పనైపోతుంది, నిజమే. కానీ ఆ రోజు నుంచి ఎన్ని కనెక్షన్లు ఉండొచ్చో, ఆ సర్వీస్ వచ్చే ఏడాది ఉంటుందో లేదో అవతలివాళ్ళ ఇష్టం. 2018 ఆగస్టులో ట్విట్టర్ బయటి యాప్‌లకి లైవ్‌గా ట్వీట్లు పంపే యూజర్ స్ట్రీమ్స్ అనే సర్వీస్ ఆపేస్తే ట్వీట్‌బాట్, ట్విటరిఫిక్ లాంటి యాప్‌లలో టైమ్‌లైన్ లైవ్‌గా కదలడం ఆగిపోయింది, ఆ యాప్‌లు రాసినవాళ్ళు చేసిన తప్పేమీ లేదు.

అందుకే ఇలాంటివాటికి నేను ఎప్పుడూ సర్వర్ సెంట్ ఈవెంట్సే వాడతాను, అంటే బ్రౌజర్ ఒకసారి కనెక్ట్ అయితే సర్వర్ ఆ కనెక్షన్ మూయకుండా మెసేజ్‌లు పంపుతూ ఉండే పద్ధతి. ఇది హెచ్‌టీఎమ్‌ఎల్ స్టాండర్డ్‌లో భాగం, మామూలు హెచ్‌టీటీపీ మీదే నడుస్తుంది, బ్రౌజర్‌లో ఈవెంట్‌సోర్స్ పేరుతో రెడీగా ఉంటుంది, ఏ లైబ్రరీ అక్కర్లేదు. రెండు వైపుల నుంచీ మెసేజ్‌లు పంపుకోగలిగే వెబ్‌సాకెట్ కూడా ఓపెన్ స్టాండర్డే, 2011లో ఆర్ఎఫ్‌సీ 6455 అనే ఇంటర్నెట్ స్టాండర్డ్ పత్రంగా వచ్చింది, చాటింగ్, గేమ్ లాంటివాటికి అదే పెట్టండి. సర్వర్ చెప్తుంటే బ్రౌజర్ వినడమే పనైతే మాత్రం వెబ్‌సాకెట్ వద్దు, ఎందుకంటే తెగినప్పుడు మళ్ళీ కనెక్ట్ అయ్యే కోడ్ కూడా మీరే రాసుకోవాలి.

సర్వర్ వైపు పని చిన్నదే. కంటెంట్ టైప్ టెక్స్ట్/ఈవెంట్-స్ట్రీమ్ పెట్టండి, స్టేటస్ 200 (అంతా సరే అనే కోడ్) ఇవ్వండి, రెస్పాన్స్ మూసెయ్యకండి. ప్రతి మెసేజ్‌కి "data:"తో మొదలయ్యే డేటా లైన్, చివర ఒక ఖాళీ లైన్. మీ సర్వర్‌కి ముందు ఎన్‌జింక్స్ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నిలబడే ప్రాక్సీ ప్రోగ్రామ్) ఉంటే, అది డేటాని పోగుచేసి పంపే ప్రాక్సీ బఫరింగ్ ఆఫ్ చెయ్యండి, లేదంటే మెసేజ్‌లు గుంపులుగా వస్తాయి. దాని డిఫాల్ట్ ప్రకారం 60 సెకన్లు ఏమీ రాకపోతే కనెక్షన్ కోసేస్తుంది, కాబట్టి 15 సెకన్లకోసారి కోలన్‌తో మొదలయ్యే కామెంట్ లైన్ పంపుతూ ఉండండి. హెచ్‌టీటీపీ/2 ఆన్ చెయ్యండి, పాత 1.1లో బ్రౌజర్ ఒక సైట్‌కి ఆరు కనెక్షన్లే ఇస్తుంది, ఏడో ట్యాబ్ వేలాడుతూ ఉంటుంది.

బ్రౌజర్ వైపు ఇంకా తేలిక, ఈవెంట్‌సోర్స్‌కి యూఆర్ఎల్ ఇచ్చి వచ్చింది స్క్రీన్ మీద చూపించడమే.

ఇప్పుడు నిదానంగా చదవండి, అందరూ పాడుచేసేది ఇక్కడే. కనెక్షన్ తెగితే బ్రౌజర్ తనంతట తనే మళ్ళీ వస్తుంది కదా అని వదిలేస్తారు. వస్తుంది, కానీ ఆ మధ్యలో వెళ్ళిన మెసేజ్‌ల సంగతేంటి? వాటికోసమే ప్రతి మెసేజ్‌కీ "id:"తో మొదలయ్యే ఐడీ లైన్ పెట్టాలి. తిరిగొచ్చేటప్పుడు బ్రౌజర్ ఆఖరుగా అందుకున్న ఐడీని లాస్ట్-ఈవెంట్-ఐడీ అనే హెడర్‌లో (రిక్వెస్ట్‌తోపాటు వెళ్ళే అదనపు సమాచారం) పంపుతుంది, మీరు దాని తర్వాతవి పంపాలి.

ఆ ఐడీ డేటాబేస్‌లో మెసేజ్‌తోపాటు సేవ్ అయ్యే వరుస నంబరే అవ్వాలి. మెమరీలో కౌంటర్ పెడితే సర్వర్ రీస్టార్ట్ అవ్వగానే మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది, టైమ్ పెడితే ఒకే క్షణంలో రెండు మెసేజ్‌లు వచ్చినప్పుడు ఒకటి మింగేస్తుంది.

తర్వాతది వరుస. తిరిగొచ్చిన బ్రౌజర్‌కి డేటాబేస్ నుంచి పాతవి చదివి పంపేసి, ఆ తర్వాత దాన్ని కొత్త మెసేజ్‌ల లైవ్‌కి తగిలిస్తే, ఆ సందులో పుట్టిన మెసేజ్ దానికి అందదు. చాలా అరుదుగా జరుగుతుంది కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు, రద్దీ ఉన్న రోజే బయటపడుతుంది. అందుకే ముందు లైవ్‌కి సబ్‌స్క్రైబ్ అయ్యి వచ్చేవాటిని పక్కన పోగు చెయ్యండి, తర్వాత పాతవి చదివి పంపండి, ఆ తర్వాత పోగులోవి పంపండి, ఆల్రెడీ వెళ్ళిన నంబర్ మళ్ళీ కనపడితే వదిలెయ్యండి. అడిగిన ఐడీ మరీ పాతదై మీ దగ్గర లేకపోతే ఊరికే ఉండొద్దు, "రీసెట్" అని ఒక ఈవెంట్ పంపి పేజీని మొత్తం డేటా మళ్ళీ తెచ్చుకోమనండి.

ఇంకొకటుంది, నాకు ఇది అర్థమవ్వడానికి చాలా కాలం పట్టింది. నెట్ పోతే బ్రౌజర్ మళ్ళీ ప్రయత్నిస్తుంది కానీ సర్వర్ 502 (వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని ప్రాక్సీ ఇచ్చే కోడ్) లాంటి ఎర్రర్ ఇస్తే ఇక ప్రయత్నించదు, ఈవెంట్‌సోర్స్ పర్మనెంట్‌గా మూసుకుంటుంది. కొత్త వెర్షన్ పెడుతున్న ఆ కొద్ది సెకన్లలో తిరిగొచ్చినవాళ్ళందరి పేజీలూ అలాగే చచ్చిపడుంటాయి. ఎర్రర్ వచ్చినప్పుడు ఈవెంట్‌సోర్స్ స్థితి చెప్పే రెడీస్టేట్ 2 (అంటే మూసుకుంది) అయ్యిందేమో చూసి, అయితే కాసేపాగి కొత్త ఈవెంట్‌సోర్స్ తెరవండి. కొత్తదానికి పాత ఐడీ గుర్తుండదు, కాబట్టి ఆఖరి ఐడీని మీరే దాచుకుని యూఆర్ఎల్‌లో పంపాలి. సర్వర్‌లో మాత్రం హెడర్ ఉంటే హెడర్‌నే నమ్మండి, లేనప్పుడే యూఆర్ఎల్ చూడండి. తిప్పి రాస్తే ప్రతి రీకనెక్ట్‌కీ పాత మెసేజ్‌లన్నీ మళ్ళీ వచ్చి పడతాయి.

చెక్ చెయ్యడానికి నేను ఒకటి నుంచి వెయ్యి దాకా నంబర్లు వేగంగా పంపించి, మధ్యలో ఒకసారి నెట్ తీసేసి, ఒకసారి సర్వర్ ఆపి ప్రాక్సీ 502 ఇచ్చేలా చేసి, మళ్ళీ లేపి బ్రౌజర్‌లో వచ్చినవి లెక్కపెడతాను. వెయ్యికి వెయ్యి, వరుసలో, ఒక్కటి కూడా రెండుసార్లు రాకుండా ఉంటేనే లైవ్‌లో పెడతాను, 999 వస్తే మళ్ళీ సబ్‌స్క్రైబ్ వరుస దగ్గరికే వెళ్ళి చూస్తాను.