నౌకలోంచి గాలి పోతుంటే ఏం చేయాలి: మూడు నీళ్ల క్యాన్లతో ఒక అభ్యాసం

శ్రీహరికోట 2022 ఏప్రిల్ నుంచి మన తిరుపతి జిల్లాలోనే ఉంది. రాకెట్ ఎగిరే రోజున మా పిల్లలు బడి మేడ ఎక్కి తూర్పు దిక్కుకు చూస్తూ నిలబడతారు. రాకెట్ పైకి ఎలా వెళ్తుందో వాళ్లు చక్కగానే చెబుతారు. అయితే పైకి వెళ్లిన మనిషి చుట్టూ ఉన్న కాస్త గాలి ఒక చిన్న రంధ్రంలోంచి జారిపోతే ఏం చేస్తారని అడిగితే మాత్రం చాలామంది 'వెంటనే దాన్ని మూసేస్తారు' అంటారు. ఆ 'వెంటనే' అనే మాటను సరిదిద్దడానికే ఈ అభ్యాసం. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా ప్రయాణం వాయిదా పడుతూ వచ్చినప్పుడు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని జ్వెజ్దా అనే రష్యన్ గదిలో గాలి లీకు కూడా అందుకు ఒక కారణమైంది. కాబట్టి ఇది పాత పుస్తకాల్లోని విషయం కాదు. ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు జరిగే ప్రపంచ అంతరిక్ష వారోత్సవాల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో దీన్ని ఒక పూటలో చేయించవచ్చు.

కావలసిన వస్తువులన్నీ మన వీధుల్లోనే దొరుకుతాయి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు, మందుల అంగట్లో దొరికే సెలైన్ సెట్లు రెండు, ఇంటి పని చేసే మేస్త్రీలు మట్టం చూసుకునే లెవల్ పైపు నాలుగు మీటర్లు, సైకిల్ పంపు, ఎం-సీల్, ఒక బకెట్, పాత సైకిల్ ట్యూబు ముక్కలు, గాజు గుడ్డ (గాయాలకు కట్టే పలుచని నూలు గుడ్డ), అరాల్డైట్ ఉంటే చాలు. క్యాన్లను వరుసగా పెట్టి, సెలైన్ సెట్లలోని చక్రం బిగింపు ఉన్న గొట్టం ముక్కలతో ఒకదానికొకటి కలపాలి. ఆ బిగింపులే మన హ్యాచ్‌లు, అంటే గదుల మధ్య తలుపులు. మొదటి క్యాను మూతలోంచి లెవల్ పైపును బయటికి తీసి, గోడ మీద యు ఆకారంలో వేలాడదీసి, రంగు నీళ్లు పోసి, రెండో కొసను తెరిచి ఉంచితే అదే పీడనమాపకం అవుతుంది. పంపు గొట్టాన్ని కూడా మొదటి క్యానుకే అమర్చి, గాలి నింపాక నొక్కి మూసేలా ఒక బిగింపు పెట్టాలి. అతుకులన్నిటికీ ఎం-సీల్ పట్టించి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు పంపుతో గాలి నింపుతూ, రెండు కాళ్లలోని నీటి మట్టాల తేడా 50 సెంటీమీటర్లకు రాగానే ఆపాలి. అంతకు మించి నింపవద్దు, నింపితే రంగు నీళ్లు పై కొసలోంచి చిమ్ముతాయి.

రంధ్రం చేయడానికి ముందు ఒక గంట ఏమీ చేయకుండా మట్టాన్ని గమనించడం తప్పనిసరి. మొదటిసారి నేను ఈ పని చేయలేదు. ఒక మూత దగ్గర ఎం-సీల్ సరిగా ఆరలేదని తెలియక, నేను చేసిన రంధ్రాన్ని పిల్లలు కనుక్కుని మూసిన తర్వాత కూడా నీటి మట్టం దిగుతూనే ఉంటే, వాళ్లు వేసిన ప్యాచే బాగాలేదని రెండుసార్లు విప్పించి మళ్లీ పెట్టించాను. తప్పు నాది, శ్రమ వాళ్లది అయింది.

ఈ గంటలోనే పిల్లలు మరో ముఖ్యమైన సంగతి తెలుసుకుంటారు. క్యాన్లలోని గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే మట్టాల తేడా సుమారు మూడున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. తిరుపతి ఎండలో కిటికీ పక్కన పెడితే లీకు ఉన్నా లేనట్టే కనిపిస్తుంది, నీడలోకి జరిపితే లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక అమ్మాయి క్యానును రెండు చేతులతో కావలించుకుని నిలబడితే మట్టం నెమ్మదిగా పైకి పాకడం మేమందరం చూశాం. అంతరిక్ష కేంద్రంలోనూ ఇదే చిక్కు ఉంటుంది. అక్కడ ఉష్ణోగ్రత మారుతుంది, నౌకలు వచ్చి చేరుతుంటాయి, వ్యోమగాములు బయట నడవడానికి వెళ్లినప్పుడల్లా కొంత గాలి పోతుంది. వీటన్నిటి మధ్య నెమ్మదిగా జరిగే లీకును గుర్తుపట్టడానికి రోజులు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఇప్పుడు పిల్లలను బయటికి పంపి, ఏదో ఒక క్యానుకు సన్నని సూదితో రంధ్రం చేయండి. రంధ్రం అర మిల్లీమీటరు ఉంటే గాలి పూర్తిగా పోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అభ్యాసానికి ఆ వ్యవధి సరిపోతుంది. పిల్లలు లోపలికి రాగానే క్యాన్లకు చెవులు పెట్టి వెతకడం మొదలుపెడతారు. ఆపండి. మొదటి పని వెతకడం కాదు, ఎంత సమయం ఉందో తెలుసుకోవడం.

వ్యోమగాములు దీన్ని పాదరసం కొలతలో లెక్కిస్తారు. కేంద్రంలో పీడనం మామూలుగా సముద్రమట్టం దగ్గర ఉన్నంతే ఉంటుంది. అది 490 మిల్లీమీటర్లకు దిగేలోగా మిగిలిన కాలమే వాళ్ల గడువు. 490 అంటే సుమారుగా లేహ్ పట్టణంలో ఉండే గాలి పీడనం. మనకు బాగా అలవాటైన కొలత కావాలంటే, అలిపిరి నుంచి ఘాట్ రోడ్డులో బస్సెక్కి తిరుమల చేరేసరికి పీడనం సుమారు 60 మిల్లీమీటర్లు తగ్గుతుంది, చెవులు దిబ్బడ వేసేది అందుకే. లెక్క సులభం. ఇప్పుడున్న పీడనంలోంచి 490 తీసేసి, నిమిషానికి ఎంత తగ్గుతోందో దానితో భాగించాలి. పీడనం 740 ఉండి, నిమిషానికి 5 చొప్పున పడుతుంటే 50 నిమిషాలు ఉన్నట్టు. గాలి తగ్గేకొద్దీ బయటికి పోయే వేగం కూడా తగ్గుతుంది కాబట్టి నిజంగా దొరికే సమయం ఇంతకన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది. తప్పు జరిగినా ఆ తప్పు ప్రాణాన్ని కాపాడే వైపే ఉండటం ఈ లెక్కలోని మంచితనం. మన క్యాన్లకు 50 సెంటీమీటర్లను మామూలు పీడనమనీ, 30ని ప్రమాద గీత అనీ అనుకుని, అర నిమిషానికోసారి మట్టం రాయించి ఇదే లెక్క చేయించండి.

రంధ్రం పరిమాణం ఎంత తేడా తెస్తుందో పిల్లలే లెక్కగట్టాలి. వెయ్యి ఘనపు మీటర్ల కేంద్రంలో 2 మిల్లీమీటర్ల రంధ్రం పడితే 490కి దిగడానికి ఒక వారానికి పైగా పడుతుంది. అదే రంధ్రం 2 సెంటీమీటర్లయితే వైశాల్యం వంద రెట్లు పెరిగి, దాదాపు రెండు గంటలే మిగులుతాయి. 2018 ఆగస్టు 29 రాత్రి పీడనం తగ్గుతున్నట్టు భూమి మీది నియంత్రణ కేంద్రాల వాళ్లు గమనించినా, లీకు చాలా చిన్నదని లెక్క తేల్చుకుని, నిద్రపోతున్న ఆరుగురు వ్యోమగాములను తెల్లవారే వరకు లేపలేదు. గడువు ఎంతో తెలిసినందుకే అంత నిబ్బరంగా ఉండగలిగారు.

గడువు తెలిశాక రెండో పని, తిరిగి వెళ్లే నౌక భద్రంగా ఉందో లేదో చూసుకోవడం. ఎవరు ఏ తలుపు మూసినా, మూసిన తర్వాత తాము తమ నౌక ఉన్న వైపే మిగిలేలా చూసుకోవాలి. మన అభ్యాసంలో మొదటి క్యానే నౌక ఉన్న చోటు.

ఆ తర్వాత గదులను ఒక్కొక్కటిగా వేరుచేయాలి. ముందు రెండు, మూడు క్యాన్ల మధ్య బిగింపు మూసి, అర నిమిషం మట్టం చూడండి. దిగడం ఆగితే రంధ్రం మూడో క్యానులో ఉంది. ఆగకపోతే ఒకటి, రెండు మధ్య బిగింపు మూయండి. అప్పుడు ఆగితే రెండో దానిలో, అప్పటికీ ఆగకపోతే మొదటి దానిలో ఉన్నట్టు. ఇక్కడ పిల్లలను ఒక విషయం కంగారుపెడుతుంది, దాన్ని తొందరపడి దాటేయవద్దు. రంధ్రం మనవైపే ఉంటే, తలుపు మూయగానే మట్టం మునుపటికన్నా వేగంగా పడుతుంది. లీకు పెద్దదైందని భయపడతారు. నిజానికి రంధ్రం పెరగలేదు, దానికి గాలి ఇచ్చే గది చిన్నదైంది. 60 లీటర్ల నుంచి 40కి, 40 నుంచి 20కి తగ్గినప్పుడు వేగం ఎలా మారిందో పట్టిక వేయిస్తే, బాయిల్ నియమం వాళ్లకు మళ్లీ వల్లెవేయాల్సిన అవసరం రాదు. 2020 ఆగస్టులో ముగ్గురు వ్యోమగాములు కొన్ని రోజుల పాటు జ్వెజ్దా వైపు ఉండి, మిగిలిన గదుల తలుపులు మూసి కొలిచింది ఈ పద్ధతిలోనే.

తలుపు మూయలేని పరిస్థితి కూడా వస్తుంది. 1997 జూన్ 25న ప్రోగ్రెస్ అనే సరుకు నౌక రష్యా వారి మీర్ అంతరిక్ష కేంద్రంలోని స్పెక్టర్ గదిని ఢీకొని రంధ్రం చేసినప్పుడు, ఆ గదిలోకి వెళ్లే ద్వారం గుండా తీగలు పరచి ఉన్నాయి. అందులోని వ్యోమగాములు లాజూట్కిన్, ఫోల్ వాటిని విడదీసి, కొన్నిటిని కత్తిరించి, ద్వారానికి బయటి నుంచి ఒక మూత అమర్చారు. అటువైపు పోతున్న గాలే ఆ మూతను ద్వారానికి అదిమిపట్టింది. తలుపు దారిలో వస్తువులు పెట్టకూడదన్న పాఠం పిల్లలకు ఇక్కడ చెప్పండి, చాలు.

ఏ గదో తెలిశాక అందులో ఎక్కడో వెతకాలి. మన సైకిల్ పంచరు అంగట్లో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు. అంతరిక్షంలో మనిషి ట్యూబు లోపల ఉన్నాడు, తొట్టి లేదు. మనం క్యాను చుట్టూ అగరుబత్తీ తిప్పితే బయటికి వచ్చే గాలికి పొగ పక్కకు చెదురుతుంది. శ్రీకాళహస్తిలో వాయులింగం ముందు కదిలే దీపాన్ని చూసిన పిల్లలకు ఈ పద్ధతి వివరించనక్కరలేదు. నౌకలో మాత్రం నిప్పు, పొగ నిషిద్ధం. అందుకే 2020 అక్టోబరులో వ్యోమగామి ఇవానిషిన్ ఒక టీ సంచిని విప్పి, ఆకుపొడిని జ్వెజ్దా చివరి చిన్న గదిలో వదిలి, తలుపు మూసి, కెమెరాలతో గమనించారు. బరువు తెలియని ఆ చోట టీ ఆకులు తేలుతూ తేలుతూ గోడ మీద సన్నటి పగులు వైపు చేరాయి. దాన్ని పాలిమైడ్ టేపుతో తాత్కాలికంగా మూశారు. వెతికేటప్పుడు గాలి పంకాలు ఆపేయడం మరిచిపోకూడదు, మీ తరగతి గదిలోనూ అంతే.

ఇక మూయడం. దీనికి బకెట్ తీసుకోండి. అడుగు దగ్గర పక్క గోడకు 2 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, నీళ్లు నింపండి. సైకిల్ ట్యూబు ముక్కను బయటి నుంచి రంధ్రానికి ఆనించి చేయి తీస్తే రాలిపోతుంది. అదే ముక్కను చేయి లోపలికి పెట్టి, లోపలి నుంచి ఆనించి వదిలేస్తే, జిగురు ఏమీ లేకుండానే, నీటి ఒత్తిడితో అతుక్కుని నిలుస్తుంది. పంచరు వేసే అతను బయటి నుంచి ప్యాచ్ వేస్తాడు కాబట్టే అతనికి ఉప్పు కాగితంతో గీకడం, సొల్యూషన్ పూసి ఆరనివ్వడం, గట్టిగా తట్టడం ఇన్ని కావాలి. వ్యోమగామి లోపల ఉన్నాడు, గాలి అతని పక్షాన నిలబడి నొక్కుతుంది. ఎంత నొక్కుతుందో లెక్క వేయండి. 2 మిల్లీమీటర్ల రంధ్రం మీద పడే బలం దాదాపు 32 గ్రాముల బరువుకు సమానం, వేలితో ఆపగలిగినంత. అదే 80 సెంటీమీటర్ల వ్యాసమున్న హ్యాచ్ మీద ఐదు టన్నులకు పైగా పడుతుంది.

2018లో రంధ్రం దొరికింది కేంద్రానికి తగిలించి ఉన్న సోయుజ్ ఎంఎస్-09 నౌక ముందు గదిలో. వ్యాసం సుమారు 2 మిల్లీమీటర్లు. ముందు టేపు వేసి వేగాన్ని తగ్గించారు. తర్వాత వ్యోమగామి ప్రొకోప్యెవ్ గాజు గుడ్డను ఎపాక్సీ జిగురులో (మన అరాల్డైట్ ఆ రకమే) తడిపి రంధ్రంలో, దాని మీద పెట్టి మూశారు. ఈ రెండు మెట్ల వరుసను పిల్లలతో చేతులతో చేయించండి. ఖాళీ బకెట్‌లో రంధ్రం మీద అరాల్డైట్ ఒక్కటే వేసి వెంటనే నీళ్లు పోస్తే, గట్టిపడకముందే అది రంధ్రంలోంచి దారంలా బయటికి సాగుతుంది. గాజు గుడ్డ ముక్కను నాలుగు మడతలు వేసి, అరాల్డైట్‌లో బాగా నానబెట్టి, లోపలి నుంచి అదిమితే, నూలు పోగులు జిగురును కదలకుండా పట్టుకుంటాయి. వేలికి చేతి తొడుగు ఉండాలి, గది కిటికీలు తెరిచి ఉండాలి.

ఎండే వరకు ఆగడం పిల్లలకు అన్నిటికన్నా కష్టమైన భాగం. వెంటనే నీళ్లు నింపి చూడాలని అడుగుతారు, ఒప్పుకోవద్దు. పైన కూడా జిగురు గట్టిపడే వరకు కాచుకుని, ఆ తర్వాత ప్రోగ్రెస్ నౌకలోని ఆక్సిజన్‌తో కేంద్రంలో పీడనాన్ని కొంత పెంచి, అది నిలకడగా ఉందో లేదో కొలుస్తూ పోయారు. ఆ మరమ్మతు నిలిచింది. రంధ్రం పడిన గది భూమికి దిగే ముందు ఎలాగూ విడిపోయేదే కాబట్టి, ఆ డిసెంబరు 20న ముగ్గురూ అదే నౌకలో కిందికి వచ్చారు.

మర్నాడు బకెట్ నింపి, కింద పొడి వార్తాపత్రిక పరచి, ఒక పూట వదిలేయండి. కాగితం తడవకపోతే, పిల్లల్లో ఒకరిని మళ్లీ క్యాన్ల దగ్గరకు పంపి, తమ రంధ్రాన్ని అదే పద్ధతిలో మూయమనండి. ఈసారి బయటి నుంచే మూయాలి, లోపలికి చేయి పట్టదు. ప్యాచ్‌కు తోడుగా గాలి ఉండదు. ఎంత గీకాలో, ఎంతసేపు ఆరనివ్వాలో, ఎంత గట్టిగా అదమాలో ముందు వాళ్లనే చెప్పమని, తర్వాత మట్టాన్ని 50 దగ్గరికి తెచ్చి గంటసేపు రాయించండి.